మచ్చ లేని వంశం

మా పెద్దమ్మాయి ఐదో నెలలోనే దండం పెట్టడం నేర్చుకుందని మేమంతా మురిసిపోయాం. ముందు ఈ సంగతి ఒప్పేసుకుంటే మిగతాది చెప్పడం కాస్త సులువవుతుంది.

నిద్ర లేచిన కాసేపటికి బిడ్డ తల ముందుకు వాలేది. రెండు చేతులూ పైకి లేచి దగ్గరికొచ్చేవి. నడుం దగ్గర ఒళ్ళు మడత పడేది. ఒక్క క్షణమే. మళ్ళీ మామూలుగా అయిపోయేది. అంతలో ఇంకోటి. అట్లా వరసగా పది, పదిహేను. మదనపల్లెలో మేమున్న అద్దె ఇంట్లో దేవుడి పటాలు పడమటి గోడకు ఉండేవి, ఉయ్యాల వాటికి ఎదురుగా కట్టాం. ఇంకేం కావాలి మాకు. కుప్పం నుంచి బిడ్డను చూడ్డానికొచ్చిన మా అత్తగారు అది చూసి, "పోయిన జన్మలో ఎంత పున్నెం చేసుకుంటే ఇట్లాంటి బిడ్డ పుట్టాల," అని చెంపలేసుకుంది. వీధిలోవాళ్ళను పిలిచి చూపించింది. నేనూ చూపించాను. హైస్కూల్లో తెలుగు చెప్పే దాన్ని, నలుగురి పిల్లలకు బుద్ధులు చెప్పే దాన్ని, బిడ్డ తలలో మూర్ఛ రేగుతుంటే ఉయ్యాల పక్కన నిలబడి, "ఉండండి, పోవద్దండి, ఇంకోసారి పెడుతుంది," అన్నాను. ఆ మాట ఇప్పటికీ నా గొంతుతోనే నాకు వినిపిస్తుంది. వంట చేస్తుంటే వినిపిస్తుంది, బస్సులో కూర్చుంటే వినిపిస్తుంది.

మా పక్కింటివాళ్ళది గాజుల అంగడి. ఆ ఇంటామె తురకంలో నవ్వి తెలుగులో మాట్లాడే మనిషి. ఒక రోజు బిడ్డకు నల్ల గాజులు తెచ్చి, సబ్బు నురగ రాసి తొడుగుతూ ఉండగా బిడ్డ దండం మొదలుపెట్టింది. ఆమె చెయ్యి వదల్లేదు. గాజు అట్లాగే సగంలో పట్టుకుని బిడ్డ చేతినే చూస్తూ ఉండిపోయింది.

"టీచరమ్మా, ఇది సలాం కాదు," అనింది. "చెయ్యి కట్టెలాగా అయిపోతాండాది. నేను పొద్దస్తమానం చేతులే గదా పట్టుకునేది, నాకు తెలుస్తాది. ఇంకోటి సూడు, ప్రతిసారీ అయినాక ఏడస్తాండాది. సలాం చేసినోళ్ళు ఏడవరు గదా."

నాకు మండింది. మా దేవుడికి పెట్టే దండం ఈమెకేం తెలుసు అనుకున్నాను. అట్లా అనుకున్నందుకు తర్వాత నేను పడిన సిగ్గు చాలానే ఉంది గాని, ఆ రోజు మాత్రం గాజులు తీసుకుని తలుపేసుకున్నాను. తలుపేసి బిడ్డ దగ్గర కూర్చుని చూశాను. ఏడుస్తోంది. ప్రతిసారీ ఏడుస్తోంది. ఇన్ని రోజులూ చేతులే చూశాను గాని ముఖం చూడలేదు.

ఊళ్ళో పిల్లల డాక్టరు ఒక్కసారి చూసి, ఇది నా చేతిలో పని కాదు, నరాల డాక్టరు దగ్గరికి పొండి అన్నాడు. మా ఆయన వాళ్ళది కుప్పం. అక్కడి ఆసుపత్రికి పిల్లల నరాల డాక్టరు ఒకాయన వారానికొక రోజు వస్తాడని అత్తగారింట్లో చెప్పారు. ఆయన చూసి, బెంగుళూరుకు పంపించి తలకు స్కాను తీయించాడు. కుప్పంలో రైలెక్కి పొద్దున పోతే సాయంత్రానికి ఆ నల్ల ఫిల్ము పట్టుకుని వచ్చేశాం. తిరుగు రైల్లో మా ఆయన దాన్ని కిటికీకి ఆనించి దారి పొడుగునా చూస్తూనే వచ్చాడు. ఆయన మదనపల్లెలో బోరు మోటార్లకు వైండింగు చేసేవాడు. కాలిన మోటారు విప్పితే ఎక్కడ కాలిందో కంటికి కనబడుతుంది. ఈ ఫిల్ములో తెల్ల చుక్కలు ఉన్నాయి, అవేమిటో ఆయనకు అంతుబట్టలేదు. "తీగ చుట్ట అంతా బాగుండి ఒక్కచోట షార్టయితే విప్పి మళ్ళా చుడతాం. దీన్ని ఎవరు విప్పేది?" అన్నాడు.

జబ్బు పేరు ట్యూబరస్ స్క్లిరోసిస్. మా చుట్టాలకు మొదటి నాలుగక్షరాలు చాలు. మదనపల్లెలో పుట్టి పెరిగినవాళ్ళకు టీబీ అంటే పరాయి జబ్బు కాదు, ఊరి బయట క్షయ ఆసుపత్రిని చూస్తూ పెరిగారు. "టీబీనే గదా, అదేం పెద్ద సంగతి, ఒకటిన్నర ఏడు మాత్రలు మింగితే పోతాది," అని ధైర్యం చెప్పి పోయారు. ఒకామె గిన్నెలు వేరుగా పెట్టమంది. ఇది ఆ జబ్బు కాదని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. కొన్నాళ్ళకు చెప్పడం మానేశాను. టీబీ అయినా బాగుండునని నాకూ అనిపించేది, దానికి మందుంది గనక.

ఇప్పుడు అసలు రోజు గురించి చెప్పాలి.

కుప్పంలో డాక్టరు గదిలో ఆ రోజు మేం ముగ్గురం, మా అమ్మ ఒళ్ళో బిడ్డ. అమ్మ పుంగనూరు నుంచి వచ్చింది. మా నాన్న నా రెండో ఏటే పోయాడు. రెండావులు పెట్టుకుని, పాలు పోసి, నన్నొక్కదాన్నే సాకి, చదివించి, పెళ్ళి చేసిన మనిషి ఆమె. ఎవరి ముందూ తల వంచే రకం కాదు. డాక్టరు తమిళం వైపు మనిషి. తెలుగు బాగానే మాట్లాడేవాడు గాని, మాటలను ఒక్కోటీ ఏరుకుని వాడేవాడు.

బిడ్డ గౌను విప్పించి, కిటికీలు మూయించి, ఊదా రంగు వెలుగు పడే దీపం ఒకటి వేశాడు. బిడ్డ వీపు మీద, తొడ మీద నాలుగైదు చోట్ల చర్మం తెల్లగా మెరిసింది. ఒక కొస గుండ్రంగా, ఇంకో కొస సన్నగా, వేపాకంత ఉన్నాయి. మామూలు వెలుగులో మాకు ఎన్నడూ కంటికి ఆననివి. కిటికీ తెరిచి, చేతులు కడుక్కుంటూ, ఏ వివరమూ చెప్పకముందే డాక్టరు అడిగాడు.

"మీ వంశంలో ఎవరికన్నా మచ్చ ఉండాదా అమ్మా?"

నన్ను కాదు, పెద్దామె గనక మా అమ్మను అడిగాడు. అమ్మ వీపు నిటారుగా పెట్టింది. కొంగు భుజం మీద సర్దుకుంది.

"మా వంశంలో మచ్చ అనేది లేదు సార్. పుంగనూరులో ఎవర్నన్నా అడగండి."

నాకు నవ్వొచ్చింది. మా ఆయన కూడా నవ్వాడు. డాక్టరూ నవ్వి, "ఆ మచ్చ కాదమ్మా, తెల్ల మచ్చ. ఒంటి మీద," అన్నాడు.

"అదీ లేదు," అంది అమ్మ.

అప్పుడు చెప్పాడు ఆయన. మనిషి తయారవడానికి ఒంట్లో ఒక రాత ఉంటుందని, అందులో ఒకచోట తప్పు పడితే మెదడులో, చర్మంలో, మూత్రపిండాల్లో చిన్న చిన్న గడ్డలు పెరుగుతాయని, మూర్ఛ దానివల్లేనని, తెలివి ఎదగకపోవడం కూడా దానివల్లేనని. రాతలో తప్పంటే నాకు వెంటనే అర్థమైంది, అచ్చుతప్పులు దిద్దడమే నా పని. ఆ తప్పు తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చి ఉండొచ్చు, లేదా బిడ్డలోనే కొత్తగా పడి ఉండొచ్చు అన్నాడు. ఒకే ఇంట్లో ఆ తప్పు ఒకరికి ఒట్టి మచ్చగా మిగిలిపోయి, ఇంకొకరికి ఇంత చేటు చేయొచ్చు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి కాన్పులోనూ సగానికి సగం భయం. కొత్తగా పడిందైతే తర్వాతి బిడ్డకు భయం చాలా తక్కువ. అందుకే మమ్మల్నిద్దర్నీ చూడాలి అన్నాడు. రక్తం తీసి చెప్పే పరీక్ష అప్పట్లో మాబోటివాళ్ళకు అందేది కాదు, కళ్ళతో చూడడమే.

మా ఆయన చొక్కా విప్పాడు. వార్నిషు మరకలు, సోల్డరింగు కాల్చిన గుర్తులు తప్ప ఆయన ఒంటి మీద ఏమీ లేవు. నన్ను తెర వెనక నర్సమ్మ చూసింది. వీపు, కాళ్ళు, చేతులు. ఎడమ ముంజేతి లోపలి వైపు నాకు తులసికోట పచ్చబొట్టు ఉంది. "బాగా నిండుగా పొడిచినారే," అంది నర్సమ్మ, దీపం పక్కకు జరిపింది. ఏమీ లేదని డాక్టరుకు చెప్పింది.

అయితే కొత్తగా పడిందే అయి ఉంటుంది, ఇంకో బిడ్డను కనాలనుకుంటే కనండి, భయపడకండి అన్నాడు డాక్టరు. నేను అమ్మ వైపు చూశాను, ఆమె కూడా తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటుందని. ఆమె బిడ్డకు గౌను తొడుగుతోంది. ఒక చెయ్యి దూరడానికే చాలాసేపు పట్టింది.

సూదులు వేశారు, మాత్రలు ఇచ్చారు. దండాలు తగ్గాయి గాని వేరే రకం ఫిట్స్ మొదలయ్యాయి. బిడ్డ రెండో ఏట కూర్చుంది. మూడేళ్ళు వచ్చినా నడక లేదు, మాట లేదు. ఆకలైనా నిద్రొచ్చినా ఒకటే శబ్దం చేసేది. మా ఆయన దాన్ని షాపుకు ఎత్తుకుపోయేవాడు. బాగుచేసిన మోటారును పరీక్షకు తిప్పుతుంటే దాని ఒంటి మీద అరచెయ్యి ఆనించి, ఆ అదురుకు కళ్ళు సగం మూసి, అది ఆగేదాకా కదలకుండా కూర్చునేది. బాగైపోయిన మోటార్లను కూడా ఆయన ఊరకే తిప్పేవాడు.

పెద్దదానికి రేపు మేం లేకపోతే ఎవరున్నారన్నది మా ఇంట్లో రోజూ మాట. అత్తగారు ఇంకో బిడ్డ, ఇంకో బిడ్డ అని నస పెట్టేది. డాక్టరే భయం లేదన్నాడు గదా అని మా ఆయన అన్నాడు. నాకూ ఆశ ఉంది, ఎందుకు దాచాలి. నన్ను అమ్మా అని పిలిచే బిడ్డ ఒకతి కావాలనిపించేది. లోకంలో వద్దన్నది ఒక్క మా అమ్మే.

"ఒద్దమ్మా. ఒకతి చాలు. దీన్నే సాకు."

"యాల?"

"యాలంటే ఏం చెప్పేది. ఒద్దంటాండాను గదా."

కన్న తల్లే నన్ను దరిద్రపు కడుపనుకుంటోందని నాకు కోపమొచ్చింది. ఆరు నెలలు పుంగనూరు గడప తొక్కలేదు. తొక్కేనాటికి నాకు నాలుగో నెల. అమ్మ నన్ను గడపలోనే చూసింది, పొట్ట చూసింది, లోపలికి పోయి, ఆవుల దగ్గర ఏడుస్తూ చాలాసేపు ఉండిపోయింది. సంతోషం పట్టలేక ఏడుస్తోందని మా ఆయనతో చెప్పాను కూడా.

రెండోది కూడా ఆడపిల్లే. పుంగనూరులోనే కాన్పు. బిడ్డను చేతికిస్తే అమ్మ ఎవరి పోలికో చూడలేదు. వాకిట్లోకి, ఎండ పడే చోటికి తీసుకుపోయి, గుడ్డ విప్పి, వెల్లకిలా, బోర్లా, చంకలు, తొడల సందులు అన్నీ చూసింది. ఏముందమ్మా అంటే ఏమీ లేదంది. ఆ రెండు మాటలు అనేటప్పుడు ఆమె ముఖంలో కనబడిన సంతోషాన్ని నేను అంతకుముందెప్పుడూ చూడలేదు.

సెలవు అయిపోయాక కొన్నాళ్ళు పుంగనూరులోనే ఉండి చౌడేపల్లె దారిలో నా బడి ఉన్న ఊరికి పోయి వస్తుండేదాన్ని. ఇద్దరు పిల్లలూ అమ్మ దగ్గరే. వేసవి ముంచుకొచ్చి ఒంటిపూట బడులు పెట్టారు. మొదటి రోజు అమ్మకు ఆ సంగతి చెప్పడం మరిచిపోయాను. మధ్యాహ్నానికే ఇల్లు చేరి పెరట్లోకి పోతే, అమ్మ కాళ్ళు చాపుకుని, వాటి మీద చిన్నదాన్ని బోర్లా వేసుకుని నీళ్ళు పోయబోతోంది. పోసే ముందు తొడ వెనక ఒక్కచోటనే వేలితో ఏదో అదిమి అదిమి రుద్దుతోంది.

"ఏందమ్మా అది?"

ఉలిక్కిపడింది. "ఏం లేదు. నలుగు."

నలుగు కాదు. ఆ వాసన నాకు తెలుసు. మా హెడ్మాస్టరుకు పెదవి పక్కన బొల్లి ఉండేది, దానికాయన బావంచాల నూనె రాసుకుని వచ్చేవాడు, స్టాఫురూమంతా అదే కంపు. పసిబిడ్డ తొడకు బావంచాల నూనె ఎందుకు? బిడ్డను లాక్కున్నాను. గోధుమ రంగు నూనె తుడిచి చూశాను. వేపాకంత. ఒక కొస గుండ్రంగా, ఇంకో కొస సన్నగా.

నీళ్ళ తొట్టి గట్టు మీద కూలబడ్డాను.

"ఎన్నాళ్ళయింది?"

"మూడో నెల్లో కనబడింది."

"నాకెందుకు చెప్పలేదు?"

ఆమె చేతులు కడుక్కుంది. తుడుచుకుంది. మళ్ళీ కడుక్కుంది. "నీకూ ఉండాది," అంది.

"నాకా? యాడ?"

నా ఎడమ చెయ్యి పట్టుకుని తులసికోట మీద వేలు పెట్టింది.

నాకు నాలుగేళ్ళప్పుడు పొడిపించిన పచ్చబొట్టు అది. పలమనేరు సంతలో. నొప్పికి నేను గుక్క పట్టి ఏడవడం, అమ్మ నోట్లో బెల్లం ముక్క పెట్టడం గుర్తుంది. మా ఈడు ఆడపిల్లలందరికీ పచ్చబొట్లుండేవి, కానీ వాళ్ళవి చుక్కలూ గీతలూ, మధ్యలో చర్మం కనబడేది. నాది మాత్రం అడుగు నుంచి కొన దాకా పూసినట్టు ఉంటుంది. తులసికోటకు సిమెంటు చేయించారా అని బడిలో ఏడిపించేవాళ్ళు. దాని కింద వేపాకంత తెల్ల మచ్చ ఉంది. తండ్రి లేని పిల్లకు బొల్లి అని పేరు పడితే రేపు ఎవరు చేసుకుంటారని, కనబడకుండా నిండా పొడవమని అడిగి మరీ పొడిపించింది.

"డాక్టరు అడిగినప్పుడు చెప్పడానికేం?"

"అల్లుడు పక్కనే కూచోనుండాడు గదమ్మా. బొల్లి దాచిపెట్టి పెండ్లి చేసినామని తెలిస్తే నిన్ను ఆన్నే ఇడిసిపెట్టి పోతాడనుకున్నా."

"తర్వాత ఆయన చెప్పిందంతా విన్నావు గదా! సగానికి సగం అన్నాడు గదా!"

"ఇన్నా. అందుకే గదా ఒద్దు ఒద్దని మొత్తుకున్నా."

"కారణం చెప్పకుండా మొత్తుకుంటే ఎవరికి అర్థమవుతుంది? నీ నోటి మాట నమ్మి కన్నాను నేను ఈ బిడ్డను!"

ఇంకా చాలా అన్నాను. రాయదగ్గ మాటలు కావు. బిడ్డల్ని ఎగదోసి నిప్పుల్లో వేశావన్నాను. పెద్దది గోడవారన చాప మీద పడుకుని, నా అరుపులకు తన శబ్దం తను చేస్తూ ఉంది. చివరికి అమ్మ లేచి, చల్లారిపోయిన నీళ్ళు పారబోసి, మళ్ళీ కాచడానికి పొయ్యి దగ్గరికి పోయింది. బిడ్డకు స్నానం చేయించాలి గదా మరి.

మా ఆయనకు చెప్పకుండా ఉండలేదు నేను. దాచే పని ఒకరు చేసింది చాలు. ఆయన విన్నాడు. నా చెయ్యి తీసుకుని, మోటారు కాయిలును చూసినట్టు, తులసికోటను వెలుగుకు పెట్టి చూశాడు. "ముందే చెప్పింటే పెండ్లి ఆగిపోయేదా?" అని అడిగాను. ఆగేది కాదంటాడని ఎదురు చూశాను.

"ఆగిపోయేది," అన్నాడు. "మావాళ్ళు ఒప్పుకొనుండరు. నేనూ వాళ్ళ మాట దాటే మనిషిని గాను అప్పట్లో. మీ అమ్మ భయపడింది తప్పు గాదు."

ఆ నిజం నాకు మింగుడు పడలేదు. అమ్మను తిట్టడానికి ఆయనను తోడు తెచ్చుకుందామనుకున్నాను, ఆయన రాలేదు.

కుప్పం పోయాం. డాక్టరు భూతద్దం పెట్టి పచ్చబొట్టు అంచుల చుట్టూ చూశాడు. ఒక పక్క సూది చేరని చోట, గోరంచంత మేర, తెలుపు బయటికి కనబడుతోంది. ఒక్క మచ్చతోనే తేల్చలేనని నాకు కడుపు స్కాను రాశాడు. మూత్రపిండాల్లో చిన్న చిన్న గడ్డలున్నాయి. నన్నెప్పుడూ బాధపెట్టనివి, నాకు తెలియకుండా నాతో ఉన్నవి. అచ్చుతప్పు నాదే. నా నుంచే ఇద్దరికీ పోయింది. పెద్దదానికి మెదడు మీద పడింది. చిన్నదానికి ఎక్కడ పడిందో తెలియదు, చూడాల్సిందే అన్నాడు. మొదటి ఏడు దాటితే కొంత నయం, రెండో ఏడు దాటితే ఇంకొంత.

మేం లేచేటప్పుడు ఆయన అన్నాడు, "తప్పు మీ అమ్మది ఒక్కటే కాదమ్మా. నేను మచ్చ అని అడిగినాను. మీ పక్క వంశానికి మచ్చ అంటే వేరే అర్థమని నవ్వేటప్పుడే నాకు తట్టాల్సింది. మీరు తెలుగు టీచరు గదా, ఏ మాటతో అడగాల్సిందో చెప్పండి, ఇకమీద అట్లే అడుగుతా."

ఎంత వెతికినా నాకు మాట దొరకలేదు. మచ్చ, బొల్లి, గుర్తు, దోషం. ఏది పట్టుకున్నా ఎవరో ఒకరి పరువు దానికి అంటుకునే ఉంది. "రంగు పాలిపోయిన చోటు" అనండి అన్నాను. ఆయన చీటీ మీద తమిళ అక్షరాల్లో రాసుకున్నాడు.

ఆ తర్వాత రెండేళ్ళు నేను బతికిన బతుకు ఎవరికీ చెప్పుకునేది కాదు. చిన్నది నిద్ర లేచే వేళకు పక్కనే కాచుకుని ఉండేదాన్ని. కిందపడిన చెంచా కోసం వంగినా పరుగెత్తేదాన్ని. తల వాలిస్తే ఎత్తి నిలబెట్టేదాన్ని. ఒక రోజు అత్తగారు దానికి పటాల ముందు చేతులు జోడించడం నేర్పిస్తుంటే పరుగున పోయి ఆ చిన్న చేతుల్ని విడదీసి కొట్టాను. అది బిత్తరపోయి ఏడ్చింది. ఏడ్చేసరికి, ఇదీ అక్కలాగే ఏడుస్తోందని దాని ముఖమే చూస్తూ కూర్చున్నాను. ఆ తర్వాత మా ఇంట్లో ఆ బిడ్డకు ఎవరూ దండం పెట్టడం నేర్పలేదు. ఇప్పటికీ గుడికి పోతే కళ్ళు మూసుకుని నిలబడుతుంది, అంతే.

దానికి ఫిట్స్ రాలేదు. తొమ్మిదో నెలలో అమ్మా అంది, పదమూడో నెలలో నడిచింది, నాలుగేళ్ళకు నన్నే దబాయించింది. మా అమ్మ మదనపల్లెకు వచ్చేసి పెద్దదాన్ని తన మీద వేసుకుంది. ఎత్తలేని బరువైనా ఎత్తింది, గిన్నె అన్నం గంటసేపు తినిపించింది, మాత్ర ఒక్క పూట తప్పనీయలేదు. నేను ఆమెతో పిల్లల తిండి గురించి, మందుల గురించి తప్ప మాట్లాడలేదు. పెద్దదానికి ఫిట్స్ వచ్చిన ప్రతిసారీ, దాన్ని పక్కకు తిప్పి పట్టుకుని, అమ్మ వినేటట్టు, "మచ్చ లేని వంశం," అనేదాన్ని. ఆమె తడిగుడ్డ తెచ్చి ఇచ్చేది. చిన్నది రెండో తరగతిలో ఉండగా అమ్మ పోయింది. మూడు రోజుల జ్వరం. క్షమించానని చెప్పడానికి మూడు రోజులు చాలేవి. చెప్పలేదు. ఆమె పోయాక కూడా ఆ మాట అనడం మానలేదు, వినేవాళ్ళు లేని వంటింటి వైపు తిరిగి అనేదాన్ని.

చిన్నది తొమ్మిదో తరగతికి వచ్చింది. ముక్కు పక్కన, బుగ్గల మీద సన్నటి ఎర్ర పొక్కులు లేచాయి. మొటిమలని బళ్ళో పిల్లలు ఎగతాళి చేస్తున్నారని ఏడుస్తూ ఇంటికొచ్చింది. మొటిమలు కావని, ఇవీ ఆ జబ్బు గుర్తులేనని నాకు తెలుసు. ఒక ఆదివారం పొద్దున, పెద్దదానికి అన్నం తినిపిస్తూ, దాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని అంతా చెప్పేశాను. దండాలు, డాక్టరు ప్రశ్న, అమ్మమ్మ జవాబు, తులసికోట, బావంచాల నూనె, నా కడుపు స్కాను, రేపు దాని పెళ్ళయితే దాని బిడ్డలకు సగానికి సగం అన్నది కూడా. ఏదీ దాచకూడదని పదమూడేళ్ళుగా అనుకుంటూ వచ్చిన దాన్ని. అది అరికాలు గోక్కుంటూ విన్నది. భయపడుతుందేమోనని చూశాను. అది ఆలోచిస్తోంది.

"అమ్మమ్మ ఆ పొద్దే డాక్టరుకు నిజం చెప్పింటే, నువ్వు నన్ను కనుండేదానివా?"

అబద్ధం ఒకటి నాలిక చివరి దాకా వచ్చింది. కనుండేదాన్ని, నిన్ను కనకుండా ఎట్లా ఉంటాను బంగారూ అనేది. ఎంత సులువుగా వచ్చిందో. మా అమ్మకు ఆ గదిలో ఎంత సులువుగా వచ్చి ఉంటుందో అప్పుడు తెలిసింది.

"లేదు," అన్నాను.

అది నా ముఖం వైపు చూసింది. ఏడవలేదు.

"మరి అమ్మమ్మను యాల తిడతావు?"

నా చేతిలో ముద్ద అట్లాగే ఉండిపోయింది. పెద్దది నోరు తెరుచుకుని ముద్ద కోసం చూస్తోంది. చిన్నది నా చేతిలోంచి గిన్నె తీసుకుంది. పక్కకు జరిగి కూర్చుని, అక్క గడ్డం తుడిచి, తనే తినిపించడం మొదలుపెట్టింది. ఇంకేదో అడగబోయినట్టు ఒకసారి నా వైపు, ఒకసారి అక్క వైపు చూసి ఊరుకుంది. అదేం అడగబోయిందో నాకు తెలుసు. ముందే తెలిసి ఉంటే అక్కను కనుండేదానివా అని. అక్క ఎదురుగా ఉంది గనక అడగలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ అడగలేదు. అక్క నిద్రపోయాక, మేమిద్దరమే ఉన్నప్పుడు, అది నా పక్కన వచ్చి కూర్చుంటే, ఇప్పుడు అడుగుతుందేమోనని నేను లేచి పొయ్యి దగ్గరికి పోతాను.